ప్యాసేజీ దగ్గర మార్కులు వదులుకోవద్దు

అమ్మీ,

నీ ప్రీఫైనల్ ఇంగ్లీషు పేపరు మీ నాయన వాట్సాప్‌లో పంపాడు. గ్రామర్ బాగుంది, లెటర్ ఇంకా బాగుంది. పేరా ఇచ్చి దాని మీద ప్రశ్నలడిగే ప్యాసేజీ దగ్గరే మార్కులు పోయాయి. నిదానంగా చూస్తే తెలిసింది, నువ్వు జవాబు పేరాలో వెతకలేదు, ఒకసారి చదివి గుర్తున్నది రాసేశావు. ఇన్నేళ్లు హైస్కూల్లో పేపర్లు దిద్దాను కదా, బాగా చదివే పిల్లలు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

మన కడపలో బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా, తెలుగుకు సేవ చేసిన ఆ ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ మీదే ప్యాసేజీ వచ్చిందనుకో. 1817లో మద్రాసులో దిగాడు, 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు, ఇక్కడ బంగళా కొని పండితులను పెట్టుకున్నాడు, సొంత డబ్బుతో జీతాలిచ్చి తాళపత్రాల్లో తప్పులు దిద్దించాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించాడు. పేరా ఇంతే.

బ్రౌన్ కడపకు ఎప్పుడు వచ్చాడు అని అడిగితే, టెన్షన్‌లో ఉన్న పిల్లలు మొదట కంటపడిన 1817 రాసేస్తారు. నువ్వు ప్రశ్నలో కడప అన్న మాట కింద గీత గీసుకో. పేరాలో ఆ మాట ఎక్కడుందో వెతికి, అక్కడున్న సంవత్సరం రాయి.

పండితులను ఎందుకు పెట్టుకున్నాడు అన్నది రెండో ప్రశ్న అనుకో. వై అని మొదలైతే కారణం కావాలి. బికాజ్ అన్న మాట పేరాలో ఉండకపోవచ్చు. తప్పులు దిద్దించడానికి అన్న ముక్కే ఇక్కడ కారణం. అది ఒక్కటి రాస్తే చాలు, బంగళా దగ్గర్నుంచి మొత్తం ఎత్తి రాయొద్దు. ప్రశ్నలో డిడ్ ఎంప్లాయ్ అని ఉంటే జవాబులో ఎంప్లాయ్డ్ అని రావాలి. నీ పేపర్లో ఇదే తప్పు మూడు చోట్ల ఉంది.

బ్రౌన్ నిఘంటువు కూడా చేశాడని నీకు తెలుసు. తెలిసినా, ఆ పేరాలో లేదు కాబట్టి రాయకూడదు. ఆప్షన్లలో నిజమైన మాటే ఉన్నా, పేరా చెప్పని మాటైతే టిక్ పెట్టొద్దు. టెక్స్ట్ బుక్ పాఠం నుంచి ఇచ్చిన ప్యాసేజీకైనా ఇదే పద్ధతి. చదివిన పాఠమే కదా అనే ధీమాతో పేరా చూడకుండా రాసేవాళ్లు చాలామంది.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, బ్రౌన్ ఎలాంటి మనిషి అనేది. ఆ మాట ఏ వాక్యంలోనూ ఉండదు. మంచివాడు, గొప్పవాడు అని ఊరుకుంటే మార్కులు పడవు. తెలుగంటే ప్రేమ ఉన్నవాడు అని రాసి, సొంత డబ్బుతో జీతాలిచ్చాడు అని వెంటనే రుజువు చూపించు. రుజువు దొరకని గుణం రాయకు.

అర్థం తెలియని మాట వస్తే బెదరొద్దు. మాన్యుస్క్రిప్ట్స్ తెలియకపోయినా పక్కన తాళపత్రాలని, తప్పులు దిద్దించాడని ఉంది కదా, చేత్తో రాసినవేవో అని తెలిసిపోతుంది. ఆప్షన్లిస్తే ఒక్కోదాన్ని ఆ మాట స్థానంలో పెట్టి వాక్యం చదువుకో. దె, హిమ్ ఎవరిని అన్నారో అడిగితే ముందు వాక్యం చూడు. పట్టిక ఇస్తే అంకెలకంటే ముందు పైనున్న హెడ్డింగ్ చదువు.

పరీక్షలో పేపరు చదువుకోవడానికి 15 నిమిషాలు ఇస్తారు. అప్పుడు ముందు ప్రశ్నలు, తర్వాత ప్యాసేజీ చదువు. రాసేటప్పుడు మాత్రం ప్రతి ప్రశ్నకూ మళ్లీ పేరాలోకి వెళ్లాల్సిందే. టైమ్ పోతుందని భయపడకు, అలవాటైతే ఒక్కోదానికి అర నిమిషం కూడా పట్టదు. తట్టనిది పట్టుకుని కూర్చోకుండా చోటు వదిలి ముందుకు పో, చివర్లో వచ్చి ఏదో ఒకటి రాయి.

రోజూ ఇంగ్లీషు పేపర్లో ఒక్క పేరా తీసుకుని నువ్వే మూడు ప్రశ్నలు తయారు చేయి, ఒకటి తప్పకుండా ఎందుకు అనేది ఉండాలి. ప్రశ్న వేయడం వస్తే, అడిగేవాళ్లు ఎక్కడ మెలిక పెడతారో నీకే తెలుస్తుంది. ఆదివారం ఆ వారం రాసినవన్నీ ఫోటో తీసి పంపు, రాత్రికల్లా దిద్ది పంపిస్తాను.

మీ పెద్దత్త