అమెరికాకి కొత్త లాప్‌టాప్ మోసుకు రావాలా?

ఆగస్టులో డాలస్‌లో దిగబోతున్న ఓ తమ్ముడు అడిగాడు: "అన్నా, నాన్న అరవై వేలు పెట్టి కొత్త లాప్‌టాప్ కొనిస్తానంటున్నారు. హైదరాబాద్‌లోనే తీసుకోనా?"

వద్దు తమ్ముడూ. ఇంట్లో పాతది నడుస్తుంటే దాంతోనే వచ్చెయ్. ఆ డబ్బు అపార్ట్‌మెంట్ డిపాజిట్‌కి అక్కరకొస్తుంది. ఇంకోటి కావాలంటే ఇక్కడికొచ్చాక సెకండ్‌హ్యాండ్‌ది కొనుక్కో.

ఇక్కడ చాలా కంపెనీలు మూడు నాలుగేళ్లకోసారి లాప్‌టాప్‌లు మార్చేస్తాయి. లీజు తీరిన ఆ లెనోవో థింక్‌ప్యాడ్‌లు, డెల్ లాటిట్యూడ్‌లు, హెచ్‌పీ ఎలైట్‌బుక్‌లు రీఫర్బిష్డ్, అంటే పాతవి బాగుచేసి అమ్మేవాళ్ల దగ్గరికి చేరతాయి. రెండు మూడు వందల డాలర్లకే దొరుకుతాయి. అదే డబ్బుకి షోరూమ్‌లో కొత్తది అడిగితే, మూత తెరవగానే ప్లాస్టిక్ కిర్రుమనేది చేతిలో పెడతారు. జూమ్ కాల్స్‌కీ, అసైన్‌మెంట్లకీ పాత ఆఫీసు మిషనే నయం. గేమ్స్, వీడియో ఎడిటింగ్ అంటే మాత్రం నా మాట వినకు.

ముందు ప్రాసెసర్ చూడు. ఇంటెల్ అయితే 8వ తరం కంటే కిందికి దిగకు, విండోస్ 11తో ఇబ్బంది పడతావు. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. ఐ7 స్టిక్కర్ చూసి మురిసిపోవద్దు. ఆరో తరం ఐ7 కన్నా పదో తరం ఐ5 మేలు.

ర్యామ్ 16 జీబీ ఉన్నదే తీసుకో. 2018లో వచ్చిన థింక్‌ప్యాడ్ టీ480లో రెండు ర్యామ్ స్లాట్లుంటాయి, తర్వాతైనా పెంచుకోవచ్చు. చివర ఎస్ తగిలించిన టీ480ఎస్‌లో కొంత ర్యామ్ బోర్డుకే అతికించేశారు, స్లాట్ ఒక్కటే. టీ480లోనే 1366×768 తెర ఉన్నవీ అమ్ముతారు. పక్కకి వంగి చూస్తే రంగులు వెలిసిపోతాయి. 1920×1080 అని రాసి ఉంటేనే ముట్టుకో.

బ్యాటరీ ఎన్ని గంటలొస్తుందని అమ్మేవాణ్ణి అడిగి లాభం లేదు. విండోస్‌లో ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి బ్యాటరీరిపోర్ట్ అని టైప్ చెయ్. వచ్చిన ఫైల్లో డిజైన్ కెపాసిటీ 50,000 ఉండి, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ 28,000కి పడిపోతే కొత్త బ్యాటరీ ఖర్చు కూడా లెక్కేసుకుని బేరమాడు.

అసలు గండం పాత కంపెనీ వేసిన లాక్. మా బావమరిది ఓ పార్కింగ్ లాట్‌లో క్యాష్ ఇచ్చి ఒకటి కొన్నాడు. నెల తర్వాత రీసెట్ చేస్తే తెర మీద ఎవరిదో కంపెనీ పేరు ప్రత్యక్షమై ఆఫీసు మెయిల్, పాస్‌వర్డ్ అడిగింది. అమ్మినవాడి ఫోన్ స్విచాఫ్. ఇప్పుడది మా గరాజ్‌లో పెయింట్ డబ్బాల పక్కన పడుంది. అందుకే నీ ఎదురుగానే రీసెట్ చేయించు, ఫోన్ హాట్‌స్పాట్‌కి కలిపి సెటప్ చివరిదాకా వెళ్లు. బయాస్‌లోకి, అంటే విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగ్స్‌లోకి వెళ్తే పాస్‌వర్డ్ అడుగుతోందా, దండం పెట్టి వచ్చెయ్. తొలిసారి కొంటున్నావు కాబట్టి వాపసు తీసుకునే షాపులోనే కొనడం మంచిది.

షాపులో రాసిన రేటు మీద టాక్స్ వేరే. డాలస్‌లో 8.25 శాతం, 250 అనుకున్నది బిల్లయ్యేసరికి 270 దాటుతుంది.

అన్నట్టు, నువ్వు తెచ్చుకునే పాత లాప్‌టాప్ ఛార్జర్ మీద 100–240 వోల్టులని ఉంటే ఇక్కడ బాగానే పనిచేస్తుంది, పిన్ను మాత్రం ఇక్కడి గోడ సాకెట్లలో పట్టదు. అడాప్టర్ పిన్ కోఠిలోనే రెండు కొనేసుకో, ఒకటి రూమ్మేట్ ఎలాగూ పట్టుకుపోతాడు.