కుక్కపిల్ల ఇంటికొచ్చింది: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: ముప్పై అయిదు రోజుల నాటు కుక్కపిల్లను తెచ్చుకున్నాం. సీసాతో ఆవుపాలు పడుతున్నాం. మూడు రోజులుగా నీళ్ళ విరేచనాలు. రాత్రంతా ఒకటే ఏడుపు. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, కావలి

జవాబు: ముందు పాలు ఆపండమ్మా. కుక్కపాలలో కొవ్వు, మాంసకృత్తులు ఆవుపాలకంటే చాలా ఎక్కువ, లాక్టోజ్ అనే పాలచక్కెర మాత్రం తక్కువ. ఆవుపాలలో ఉన్నంత చక్కెరను పిల్ల పేగులు అరిగించుకోలేవు. అరగని చక్కెర లోపల పులిసి, నీటిని లాగి విరేచనమవుతుంది. పాలలో నీళ్ళు కలిపితే సరిపోతుందనుకుంటారు గానీ, దాంతో ఉన్న కాస్త బలమూ పోతుంది.

అయితే తప్పంతా పాలదే కాకపోవచ్చు. ఈ వయసు పిల్లల కడుపులో ఏలికపాములు మామూలే. మూడు రోజులు దాటింది కాబట్టి కాస్త మలం చిన్న డబ్బాలో పెట్టుకుని ఈ రోజే పశువుల ఆసుపత్రికి తీసుకెళ్ళండి. అప్పటిదాకా పావుగంటకోసారి ఒక టీస్పూను ఓఆర్ఎస్ నీళ్ళు నాకించండి, నోట్లో పొయ్యకండి. మెడ మీద చర్మం పట్టి వదిలితే మడత అలాగే నిలిచినా, చిగుళ్ళు తడారినా, తెల్లబోయినా, వాంతులు మొదలైనా, మలంలో రక్తం కనిపించినా ఇక గంట కూడా ఆగొద్దు.

కడుపు కుదుటపడ్డాక సీసా అవసరమే లేదు. అయిదు వారాల పిల్ల మెత్తటి బువ్వ తింటుంది. కిలోన్నర బరువుంటే రోజు మొత్తానికి 60 గ్రాముల గుజ్జన్నం, ఉప్పూ కారం లేకుండా ఉడికించిన ఎముకల్లేని కోడిమాంసం 80 గ్రాములు, ఒక ఉడికిన గుడ్డు చాలు. దాన్ని అయిదు పూటలుగా పంచండి. రెండు నెలలు నిండాక నాలుగు, మూడు నెలలకు మూడు, ఆరు నెలలు దాటాక రెండు పూటలు. ప్రతి వారం తూచి, బరువు పెరిగిన కొద్దీ తిండీ పెంచండి. అన్నం, మాంసంలో సున్నం, అంటే కాల్షియం, చాలదు. అదొక్కటే పెడితే ఎదిగే పిల్లకు కాళ్ళు వంకర పోతాయి. సగం తిండిగా కుక్కపిల్లల కోసమే చేసిన గింజల ఆహారాన్ని గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి ఇవ్వడం మేలు. పూర్తిగా దాని మీదే పెంచితే విడిగా కాల్షియం మందు వద్దు. పెద్దజాతి పిల్లలకు ఎక్కువైన కాల్షియమే ఎముకలను పాడు చేస్తుంది.

రాత్రి ఏడుపు ఆకలి వల్ల కాకపోవచ్చు. నిన్నటిదాకా తోబుట్టువుల ఒంటి వేడిలో పడుకున్న పసికూన అది. అట్టపెట్టెలో పాత దుప్పటి పరిచి, వేడినీళ్ళ సీసాను తువ్వాలులో చుట్టి పక్కన పెట్టండి. పెట్టెను వరండాలో కాకుండా మీ మంచం పక్కనే ఉంచండి. అసలు ఎనిమిది వారాలు నిండేదాకా పిల్లను తల్లి దగ్గరే ఉంచాలి. ముందుగా విడదీస్తే ఆటలో ఎంత గట్టిగా కొరకొచ్చో తోబుట్టువుల దగ్గర నేర్చుకునే అవకాశం పోతుంది.

ప్రశ్న: మా పిల్ల చేపల పులుసు అన్నం లొట్టలేసుకుంటూ తింటుంది. పెట్టొచ్చా?
– ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: వద్దు. మన పులుసులో ముళ్ళకంటే పెద్ద ప్రమాదం ఉల్లి, వెల్లుల్లి. అవి కుక్క నెత్తుటిలోని ఎర్రకణాలను పగలగొడతాయి. వండినా ఆ గుణం పోదు. కిలో బరువుకు 15 గ్రాముల ఉల్లి కూడా హాని చెయ్యగలదు, అంటే మూడు కిలోల పిల్లకు ఒక చిన్న ఉల్లిపాయ. తిన్న రోజు ఏమీ కనిపించదు. మూడు నాలుగు రోజులకు నీరసం, పాలిపోయిన చిగుళ్ళు, కాఫీరంగు మూత్రం మొదలవుతాయి. చేప పెట్టాలనుంటే, శుభ్రం చేసేటప్పుడే రెండు ముక్కలు పక్కకు తీసి వట్టి నీళ్ళలో ఉడికించి, వేళ్ళతో నలిపి ముళ్ళన్నీ ఏరి పెట్టండి. ఎండుచేపలు వద్దు, వాటినిండా ఉప్పే. ద్రాక్ష, ఎండుద్రాక్ష, చాక్లెట్, ఉడికిన కోడి ఎముకలు కూడా దగ్గరకు రానివ్వకండి.

ప్రశ్న: నిరుడు మా కుక్కపిల్ల రక్తవిరేచనాలతో పోయింది, పార్వో అన్నారు. ఇప్పుడు కొత్త పిల్లకు ఒక టీకా వేయించాం. చాలదా?
– ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: చాలదమ్మా. తల్లి జున్నుపాలతో పిల్లకు వచ్చిన రక్షణే మొదట్లో టీకాను పనిచెయ్యనివ్వదు. ఆ రక్షణ ఒక పిల్లకు ఆరో వారంలో తగ్గిపోతే, మరో పిల్లకు పధ్నాలుగో వారందాకా ఉంటుంది. ఎప్పుడు తగ్గుతుందో బయటికి తెలియదు కాబట్టే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాలు నిండేదాకా వేస్తారు. చాలామంది రెండోదానితో ఆపేస్తారు, పిల్ల దొరికిపోయేది అక్కడే. రేబిస్ టీకా మూడు నెలలకు వేయించి, తర్వాత డాక్టరు చెప్పిన గడువుకు మళ్ళీ వేయించాలి. వరిపొలాల పక్కన ఇల్లుంటే లెప్టోస్పైరా అనే ఎలుకజ్వరాన్ని కూడా ఆపే టీకా అడగండి. కార్తీకం వానలకు నిలిచే నీళ్ళలో ఎలుకల మూత్రం కలిసి ఆ జబ్బు వస్తుంది. ఏలికపాముల మందు రెండు వారాల వయసు నుంచి ఎనిమిదో వారందాకా పదిహేను రోజులకోసారి, ఆపైన ఆరు నెలలదాకా నెలకోసారి, ఎప్పుడూ బరువు తూచే వెయ్యాలి.

టీకాను మందుల షాపులో కొని తీసుకెళ్ళాల్సి వస్తే ఐసు పెట్టిన డబ్బాలోనే పట్టుకెళ్ళండి. మన ఎండలో జేబులో తిరిగిన మందు దండగే.

ఇక మీ ఇంటి సంగతి. పార్వో క్రిమి నేలలో ఏడాది పైగా బతకగలదు. మామూలు ఫినాయిల్‌కు అది చావదు. గచ్చును ముందు సబ్బుతో కడిగి, ఒక వంతు బ్లీచింగ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్ళు కలిపి పది నిమిషాలు తడిగా ఉంచి కడగండి. పాత గిన్నెలు, గుడ్డలు పారేయండి. మట్టి పెరడును ఇలా శుద్ధి చెయ్యలేం. టీకాలు పూర్తయ్యేదాకా పిల్లను అక్కడికి వదలకండి.

ప్రశ్న: చెవులనిండా గోమార్లు. ఎద్దులకు కొట్టే మందు ఇంట్లో ఉంది, కుక్కపిల్లకు రాయొచ్చా?
– ఒక రైతు, కందుకూరు

జవాబు: రాయకండి. పశువుల గోమార్లకు వాడే అమిట్రాజ్ లాంటి మందులు నాలుగు నెలల్లోపు పిల్లను మత్తులోకి నెట్టి ప్రాణం మీదకు తెస్తాయి. కిరోసిన్ కూడా వద్దు, చర్మం కాలుతుంది. చిన్న పట్టకారును చర్మానికి ఆనించి, గోమారి తలను పట్టుకుని నిదానంగా పైకి లాగి, సబ్బునీళ్ళలో వెయ్యండి. గోమార్లను చంపే ఫ్లూరాలనర్ మాత్ర ఎనిమిది వారాలు, రెండు కిలోలు దాటిన పిల్లకు ఇవ్వొచ్చు, డాక్టరు బరువు చూసి రాస్తారు. కుక్క మీద కనిపించేవి కొన్నే. ఒక్క ఆడ గోమారి వేల గుడ్లు పెడుతుంది, అదీ గోడ పగుళ్ళలో. పగుళ్ళు పూడ్చి సున్నం వేస్తేనే ఫలితం. జ్వరం, ముక్కునుంచి రక్తం కనిపిస్తే నెత్తురు పరీక్ష చేయించండి.

ప్రశ్న: ఆడుతూ మా బాబు చేతిని కొరికింది, గీరుకుపోయి రక్తం వచ్చింది. ‘పిల్లకుక్కే కదా’ అంటున్నారు.
– ఒక తల్లి, సింగరాయకొండ

జవాబు: పిల్లకుక్కకూ రేబిస్ వస్తుంది. ధారగా పడే నీటి కింద, సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి. పసుపు, సున్నం, కారం ఏదీ అద్దొద్దు, కట్టు కట్టొద్దు. ఈ రోజే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చర్మంలో ఇచ్చే పద్ధతిలో మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో సూదులు ఉంటాయి. రక్తం వచ్చింది కాబట్టి గాయంలో వేసే సీరం సంగతి కూడా మీరే అడగండి. కుక్కపిల్ల బాగానే ఉందని మధ్యలో మీ అంతట మీరు మానేయకండి.