17 ఏళ్ల చెల్లె కాన్పు: కేసవుతుందని దవాఖాన మానుకోవచ్చా?

ప్రశ్న: మేడం, మాది పరకాల దగ్గర ఊరు. మా చెల్లెకు పోయినేడు లగ్గం చేశారు. ఇప్పుడు 17 ఏళ్లు, ఏడో నెల. రక్తం తక్కువుందని ఆశమ్మ చెప్పింది. దవాఖానకు పోతే వయసు బయటపడి ఆమె భర్త మీద కేసవుతుందని, కాన్పు ఇంట్లోనే చేయిద్దామని చెల్లె అత్తగారు అంటోంది. లేదంటే ఆధార్‌లో వయసు మార్పిద్దామంటున్నారు. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, రేపే దవాఖానకు తీసుకుపొండి. 20 దాటిన తల్లులతో పోలిస్తే ఈ వయసు పిల్లలకు బీపీ పెరిగి ఫిట్స్ రావడం, కాన్పయ్యాక ఇన్‌ఫెక్షన్లు ఎక్కువ. బిడ్డ నెలలు నిండకముందే, రెండున్నర కిలోల లోపు బరువుతో పుట్టే ప్రమాదమూ ఎక్కువే. రక్తం తక్కువున్న పిల్లకు ఇంట్లో రక్తస్రావమైతే ఎవరేం చేయగలరు?

కేసు సంగతి మీకు దాచను. 18 నిండని అమ్మాయితో కాపురం, ఆమె భార్య అయినా సరే, నేరమేనని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. గర్భం వస్తే పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల) చట్టం కింద కనీస శిక్ష 20 ఏళ్లు. డాక్టరు పోలీసులకు తెలపాల్సిందే. కానీ ఆ పేరుతో వైద్యం ఆపడానికి వీల్లేదు. ముందు కాగితాలు తెమ్మని అడగకూడదు కూడా. మీ చెల్లె మీద ఏ కేసూ ఉండదు, చట్టం దృష్టిలో ఆమె బాధితురాలు.

ఇంట్లో కాన్పు చేస్తే దాగుతుందా? దాగదు. బిడ్డ పుట్టుక నమోదులో తల్లి వయసు రాయాలి. నేరం తెలిసీ పోలీసులకు చెప్పని పెద్దలకు 6 నెలల దాకా జైలు ఉంది. ఆధార్ మార్చినా కోర్టు ముందు చూసేది స్కూలు సర్టిఫికెట్, పదో తరగతి మెమో. తప్పుడు కాగితం ఇంకో నేరం. అంతకంటే నాకు భయమేమిటంటే, 20 అని రాయిస్తే డాక్టరు ఆమెను ప్రమాదమున్న గర్భిణిగా చూడకపోవచ్చు. వయసు నిజం చెప్పడమే ఆమెకు సగం వైద్యం.

బిడ్డ హక్కుల గురించి టెన్షన్ వద్దు. పెళ్లి రద్దయినా బిడ్డ చట్టబద్ధ సంతానమే. రద్దు కోరే హక్కు మీ చెల్లెకు 20 నిండేదాకా ఉంటుంది, అప్పుడు భరణం కూడా అడగవచ్చు. ఆ నిర్ణయం ఆమెదే, ఇప్పుడు ఎవరూ తొందరపెట్టకండి.

వరంగల్ సీకేఎం దవాఖానలో గానీ, హన్మకొండ ప్రభుత్వ ప్రసూతి దవాఖానలో గానీ కాన్పు ఉచితం. అత్తగారు అడ్డుపడితే పిల్లల హెల్ప్‌లైన్ 1098కు ఫోన్ చేయండి. వకీలు కావాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా ఇస్తుంది, ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేదు. వెళ్లేటప్పుడు ఆశమ్మను వెంట తీసుకోండి, ఇప్పటిదాకా చేసిన రక్త పరీక్షల చీటీలు మరవకండి.