డల్లాస్‌లో ఆర్కిటెక్ట్ లైసెన్సు: ముందు చదువు మదింపు (సమాధానం)

బీ.ఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), హైదరాబాద్‌లో నాలుగేళ్ల అనుభవం, ఇప్పుడు డల్లాస్‌లో ఉద్యోగం. లైబ్రరీలు, బడులు డిజైన్ చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు కదండీ. ముందు ఎన్‌కార్బ్ (అమెరికా ఆర్కిటెక్టుల లైసెన్సు బోర్డుల జాతీయ మండలి) రికార్డు తెరిచి, ఈసా మదింపుకి, అంటే విదేశీ డిగ్రీని అమెరికా డిగ్రీతో పోల్చి చూసే ప్రక్రియకి వెళ్లండి. మార్కుల జాబితాతో పాటు ఒక్కో సబ్జెక్టు సిలబస్ కూడా కావాలి. యూనివర్సిటీ నుంచి అవి రావడానికే ఆలస్యమవుతుంది, ఇవాళే అడగండి. మన బీ.ఆర్క్‌లో డిజైన్ నిండుగా ఉంటుంది. సాధారణంగా తగ్గేది భాష, సామాజిక శాస్త్రాల వంటి జనరల్ క్రెడిట్లే. అవి కాలేజీ కోర్సులతో పూడ్చుకోవచ్చు.

ఆ తర్వాత ఏఎక్స్‌పీ, అంటే లైసెన్సుకి కావాల్సిన పని అనుభవాన్ని లెక్కగట్టే కార్యక్రమం. దానికి మొత్తం 3,740 గంటలు. ఇండియా అనుభవానికి గరిష్ఠంగా 1,860 గంటలే ఇస్తారు. డ్రాయింగుల విభాగం 1,520 గంటలు వాటంతటవే నిండుతాయి. చాలామంది ఆగిపోయేది నిర్మాణ పర్యవేక్షణ 360 గంటల దగ్గర, ఎందుకంటే ఆఫీసు వాళ్లు రెవిట్ (డ్రాయింగుల సాఫ్ట్‌వేర్) ముందే కూర్చోబెడతారు. సైట్ మీటింగులు, షాప్ డ్రాయింగుల (కాంట్రాక్టర్లు పంపే తయారీ డ్రాయింగులు) పరిశీలన మీరే అడిగి తీసుకోండి. లైసెన్సుకి రాయాల్సిన ఆరు ఏఆర్ఈ పరీక్షలు ఈలోగా రాయొచ్చు. లైసెన్సు వచ్చేదాకా పేరు పక్కన ఆర్కిటెక్ట్ అని మాత్రం వేసుకోకండి.

ఫెడరల్ ప్రభుత్వ భవనాల డిజైన్ పని కోసం సంస్థలు తమ అర్హతలు చూపడానికి ఎస్ఎఫ్ 330 ఫారం ఉంటుంది. అందులో జీ సెక్షన్, ఏ ప్రాజెక్టులో ఎవరు పనిచేశారో చూపే పట్టిక. అందులో మీ పేరు పెట్టమని ఇప్పటినుంచే అడగండి.