ఒక అంచు కిందే ఉంది

ప్రశ్న: సార్, 2023లో దక్షిణ కొరియా వాళ్లు మామూలు వేడిలోనే పనిచేసే సూపర్‌కండక్టర్ కనిపెట్టారని, ఇక కరెంటు వృథాయే ఉండదని ఒకటే హడావుడి చేశారు. తర్వాత చప్పుడే లేదు. ఏమైంది?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: ఆ పదార్థం పేరు ఎల్‌కె-99. సీసం, రాగి, ఫాస్ఫరస్, ఆక్సిజన్ కలిపి చేసిన నల్లటి ముక్క. 127 డిగ్రీల వరకూ కరెంటును ఏ అడ్డూ లేకుండా పోనిస్తుందని జులైలో ప్రకటించారు, అదీ తోటి శాస్త్రవేత్తల పరిశీలన పూర్తికాకముందే. నిజమైన సూపర్‌కండక్టర్ అయితే అయస్కాంతం మీద గాల్లో తేలగలదు. వాళ్లు పెట్టిన వీడియో మీరూ చూసే ఉంటారు, ఆ ముక్క అయస్కాంతం మీద తేలుతున్నట్టే ఉంటుంది కానీ జాగ్రత్తగా చూడండి, ఒక అంచు అయస్కాంతానికి ఆనుకునే ఉంది. నాకు అక్కడే అనుమానం వచ్చింది. మామూలు అయస్కాంత గుణమున్న ముక్క కూడా అలా సగం లేచి నిలబడగలదని చైనా పరిశోధకులు చేసి చూపించారు.

మరి నిరోధం, అంటే కరెంటుకు తగిలే అడ్డు, ఒక్కసారిగా పడిపోయిందన్నారు కదా అంటారా? దాని గుట్టు తయారీలో మిగిలిపోయిన మలినం, కాపర్ సల్ఫైడ్‌లో ఉంది. దాని స్ఫటిక నిర్మాణం దాదాపు 104 డిగ్రీల దగ్గర మారిపోతుంది, దాంతో నిరోధం అమాంతం తగ్గుతుంది, అంతేగానీ సున్నా కాదు. ఢిల్లీలోని మన జాతీయ భౌతిక ప్రయోగశాల వాళ్లూ ఈ పదార్థాన్ని తయారుచేసి చూశారు, సూపర్‌కండక్టర్ లక్షణాలు కనబడలేదు. జర్మనీలో మలినం లేకుండా చేస్తే ఊదారంగులో మెరిసే స్ఫటికం వచ్చింది. అందులోంచి కరెంటు పోవడమే కష్టం!

ఇదంతా తేలడానికి నెల కూడా పట్టలేదు. ఆ పరీక్షలు చేసినవాళ్లంటే నాకు చాలా గౌరవం. మొదటి వార్తను మోసిన ఛానళ్లు రెండోదాన్ని కూడా అంత గట్టిగా చెప్పి ఉంటే మీరు ఇన్నాళ్లూ ఎదురుచూసేవారే కాదు.