గెట్టు దగ్గర శాంపిల్

బిడ్డా,

నీ ప్రాజెక్టు సంగతి మీ అమ్మ చెప్పింది. కట్టెను పుచ్చగొట్టే శిలీంధ్రాలు రెండు ఎదురుపడితే ఏ జన్యువులు ఎంత పనిచేస్తాయో చూస్తావట. మన నల్లగొండలో గెట్టు పంచాయితీలు కొత్త కాదు గదా, ఇదీ అలాంటిదే. పుచ్చిన మొద్దును కోస్తే సన్నటి నల్ల గీతలు కనిపిస్తాయి. చాలాసార్లు అవి శిలీంధ్రాలు మెలనిన్ అనే నల్లటి పదార్థంతో వేసుకున్న గెట్లే.

నీ ట్రామెటిస్ వర్సికలర్ శిలీంధ్రం ఎదురుగా ఇంకో శిలీంధ్రాన్ని పెట్టినట్టే, ట్రామెటిస్ ఎదురుగా ట్రామెటిస్‌నే పెట్టిన ప్లేటు కూడా ఉండాలి. లేకపోతే లాకేజ్ (కట్టెను పుచ్చగొట్టడంలో సాయపడే ఎంజైమ్) జన్యువు పని పెరిగింది పక్కవాడి వల్లనా, తిండి అయిపోయినందుకా, ఎట్లా చెప్తావు?

అసలు కష్టం గెట్టు మీద శాంపిల్ గీకినప్పుడే. అందులో ఇద్దరి ఆర్‌ఎన్‌ఏ (జన్యువు పనిచేసినప్పుడు తయారయ్యే నకలు) కలిసి వస్తుంది. కొత్తలో నేను ప్రైమర్లను, అంటే కావలసిన జన్యువును పట్టుకునే చిన్న డీఎన్‌ఏ ముక్కలను, ఒక శిలీంధ్రం మీదే పరీక్షించి ఊరుకున్నాను. అవి రెండోదాన్ని కూడా పట్టుకున్నాయి. జన్యువు ఎనిమిది రెట్లు పెరిగిందని సంబరపడ్డాను, మూడు నెలల పని చెత్తబుట్టలో పడింది. నువ్వు ప్రతి ప్రైమర్ జతనూ ఎదుటిదాని డీఎన్‌ఏ మీద పెట్టి చూడు, ఏమీ రాకూడదు. పోల్చుకోవడానికి వాడే, నిలకడగా పనిచేసే రిఫరెన్స్ జన్యువులు కూడా అదే శిలీంధ్రానివి కావాలి, ఒకటి కాదు, రెండు మూడు. ఆక్టిన్ జన్యువు ఎప్పుడూ నిలకడగా ఉంటుందని నమ్మకు, కొట్లాటలో అదీ కదలవచ్చు.

ఒకదాన్నొకటి ముట్టుకోకముందే, గాలిలోకి వదిలే రసాయనాలతోనే వాటికి కబురు అందుతుంది. అందుకే ముట్టుకోకముందు, ముట్టుకున్న రోజు, ఆ తర్వాత, మూడుసార్లు శాంపిల్ తియ్యి. తీసిన వెంటనే ద్రవ నైట్రోజన్‌లో వెయ్యి. గీకి పక్కన పెట్టి ఫోన్ ఎత్తితే ఆలోపే ఆర్‌ఎన్‌ఏ మారిపోతుంది. నల్ల గీత దగ్గర తీసింది గోధుమ రంగులో వస్తే పీసీఆర్ (జన్యువును కాపీలు చేసి కొలిచే పద్ధతి) ఆగిపోవచ్చు, పలచన చేసి మళ్లీ నడిపి చూడు.

లాకేజ్ ఉన్నచోట ఎర్రబడే గ్వాయకాల్ రసాయనం కలిపిన ప్లేటు మీద ఆ రంగు అందంగా ఉంటుంది, గైడ్‌కు చూపించు. కానీ అది నిన్నమొన్నటి ఎంజైమ్ కూడా కావచ్చు, ఈరోజు జన్యువు లెక్కతో దాన్ని కలపకు.

ప్లేటులోని ఆగర్ జెల్లీ మీద గెలిచింది కట్టె మీద గెలవాలని లేదు. ఆఖరికి కట్టె ముక్కల మీదే చూడాలి. వేప వద్దు, దానిలోనే శిలీంధ్రాలను అణిచే పదార్థాలు ఉంటాయి. మామిడి అయితే మేలు. పెద్దనాన్న సామిల్లులో కోయిస్తానంటున్నాడు, ముక్కల కొలతలు రాసి పంపు.

నీ పెద్దమ్మ