కథలు గంటల తరబడి చదువుతుంది, పాఠం మాత్రం బుర్రకెక్కదు

ప్రశ్న: మా అమ్మాయి తొమ్మిదో తరగతి. కథల పుస్తకం పడితే వదలదు. సైన్స్, సోషల్ పాఠాలు మాత్రం రెండు మూడుసార్లు చదివినా, అడిగితే ఏమీ చెప్పలేదు. పరీక్షలో పాసేజ్ ఇచ్చి అడిగే ప్రశ్నలకూ మార్కులు పోతున్నాయి. ఇలాగైతే సైన్స్ వైపు పంపకపోవడమే మంచిదా?

జవాబు: ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకోకండి. మీరు రాసినదాన్ని బట్టి ఇబ్బంది సబ్జెక్టులో కంటే చదివే పద్ధతిలో ఉన్నట్టుంది. దాన్ని వదిలేసి వేరే దారి పట్టించినా లాభం లేదు. నర్సుకు మందుల వివరాల కాగితం, ఎలక్ట్రీషియన్‌కు యంత్రం మాన్యువల్, అకౌంటెంట్‌కు పన్ను నిబంధనలు, లాయరుకు ఒప్పంద పత్రం. ఏ వృత్తిలోనైనా ఇలాంటి రాతే ఎదురవుతుంది.

కథలో తర్వాత ఏం జరుగుతుందోనన్న ఆత్రుతే పేజీ తిప్పిస్తుంది. పాఠంలో అది ఉండదు. ఒక వాక్యం కారణం చెబుతుంది, పక్క వాక్యం షరతు పెడుతుంది, ఆ తర్వాతది మినహాయింపు ఇస్తుంది. ఈ లంకెలను చదివేవాళ్లే పట్టుకోవాలి. మీ అమ్మాయి బహుశా పాఠాన్ని కూడా కథలాగే గబగబా చదివేస్తోంది.

ముందు లోపం ఎక్కడుందో చూడండి. ఒకే స్థాయిలో ఉన్న రెండు భాగాలు, ఒక్కోటి 150 పదాల వరకు ఉండేవి తీసుకోండి. ఒకటి తను మనసులో చదువుకోవాలి, రెండోది మీరు చదివి వినిపించాలి. ఒక్కోదాని తర్వాత పుస్తకం మూసి తన మాటల్లో చెప్పమనండి. విన్నది చక్కగా చెప్పి చదివినది చెప్పలేకపోతే, పదాలు కూడబలుక్కోవడంలోనే ఓపికంతా అయిపోతోందని అర్థం. అప్పుడు కంటి పరీక్ష చేయించండి. చూపు బాగానే ఉంటే డిస్లెక్సియా (తెలివి ఉన్నా పదాలు చదవడంలో వచ్చే ఇబ్బంది) లాంటిది ఉందేమో నిపుణులకు చూపించాలి. కథలు అంత బాగా చదువుతోందంటే ఇది కాకపోవచ్చు కానీ, ఇలా రెండు భాగాలతో చూడటం పది నిమిషాల పనే కాబట్టి తేల్చుకోవడం మంచిది. విన్నదీ చదివినదీ రెండూ చెప్పలేకపోతే పదజాలం, విషయ పరిచయం, లంకెలు పట్టుకోవడం, ఈ మూడింటి మీద పనిచేయాలి. 1986లో గాఫ్, టన్‌మర్ అనే పరిశోధకులు పఠనావగాహనను గుణకారంలా చూపించారు. పదాలు చదవగలగడం ఒకటి, భాష అర్థం కావడం మరొకటి. రెండింటిలో ఏది సున్నా అయినా ఫలితం సున్నాయే.

లంకెలు పట్టుకోవడమంటే ఏమిటో ఒక చిన్న పేరాలో చూద్దాం.

"కాంక్రీటు ఆరి గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి సిమెంటు నీటితో జరిపే రసాయన చర్య దాన్ని గట్టిపరుస్తుంది. అందుకే పోసిన తర్వాత కనీసం వారం పాటు తడిగా ఉంచుతారు. ముందే ఆరిపోతే ఈ చర్య సగంలో ఆగి బలం తగ్గుతుంది. అయితే కలిపేటప్పుడు నీరు ఎక్కువైనా బలం తగ్గుతుంది. మిగిలిపోయిన నీరు ఆవిరై లోపల సన్నని ఖాళీలు ఏర్పడతాయి."

హడావిడిగా చదివిన పిల్లలు "కాంక్రీటుకు నీళ్లు బాగా కావాలి" అని చెప్పి ఊరుకుంటారు. పెన్సిల్ ఇచ్చి మూడు పనులు చేయించండి. మొదట "నిజానికి", "అందుకే", "అయితే" అన్న మాటలకు సున్నా చుట్టాలి. "నిజానికి" రాగానే ముందు వాక్యం రచయిత అభిప్రాయం కాదని తెలియాలి. "అయితే" దగ్గర మాట ఎటు మళ్లిందో చెప్పాలి. రెండోది, "ఈ చర్య" అంటే ఏ చర్యో, దాని నుంచి వెనక్కి బాణం గీసి చూపించాలి. మూడోది, మొత్తం విషయాన్ని ఒక్క వాక్యంలో రాయాలి: కాంక్రీటు పోసిన తర్వాత తడి ఉంటే బలం, కలిపేటప్పుడు నీరు ఎక్కువైతే బలహీనం. ఈ వాక్యం రాయగలిగితే పేరా అర్థమైనట్టే. మార్కులు ఎక్కువగా పోయేది "అయితే", "తప్ప", "మాత్రమే" లాంటి చిన్న మాటల దగ్గరే. కఠినమైన పదాలను అందరూ పట్టించుకుంటారు, వీటిని ఎవరూ పట్టించుకోరు.

రోజూ 20 నిమిషాలు, వారానికి అయిదు రోజులు చాలు. చదవాల్సిన భాగం 300 పదాలు దాటనక్కర్లేదు. మొదటి రెండు నిమిషాలు శీర్షిక, ఉపశీర్షికలు, బొమ్మల కింది వాక్యాలు మాత్రమే చూసి, "ఇది చదివాక నాకేం తెలియాలి?" అని ఒక ప్రశ్న రాసుకోవాలి. గ్రాఫ్ ఉంటే గీత పైకి పోతోందా కిందికి పోతోందా అన్నది తర్వాత, ముందు రెండు అక్షాల మీద ఏముందో, ఏ యూనిట్లలో ఉందో చదవాలి. తర్వాత ఒక్కో పేరా చదివి ఆగి, మార్జిన్‌లో అయిదారు మాటల్లో సారం రాయాలి. రాయలేకపోతే ఆ పేరా ఒక్కటే మళ్లీ చదవాలి, మొదటికి వెళ్లక్కర్లేదు. చివరి అయిదు నిమిషాలు పుస్తకం మూసి నోటితో చెప్పాలి, తర్వాత తెరిచి వదిలేసినవి చూసుకోవాలి. ఈ చివరి పనినే పిల్లలు ఎగ్గొడతారు, అసలు ఫలితం ఇచ్చేది అదే. 2006లో రోడిగర్, కార్పికీ చేసిన ప్రయోగంలో అయిదు నిమిషాల్లోనే పరీక్ష పెట్టినప్పుడు మళ్లీ మళ్లీ చదివినవాళ్లు ముందున్నారు. వారం తర్వాత పెడితే, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లు ముందుకొచ్చారు. రెండు మూడుసార్లు చదివినా మీ అమ్మాయి చెప్పలేకపోవడానికి కారణం ఇక్కడ దొరుకుతుంది.

ఏం చదివించాలన్నది కూడా ముఖ్యమే. ఒక రోజు అగ్నిపర్వతాలు, మర్నాడు బ్యాంకులు, ఆ మర్నాడు తేనెటీగలు అంటూ మార్చకండి. ఒకే అంశం మీద రెండు మూడు వారాలు చదివించండి. మొదటి వ్యాసంలో నేర్చుకున్న మాటలు రెండోదాన్ని తేలిక చేస్తాయి. 1988లో రెక్ట్, లెస్లీ అమెరికాలో బడి పిల్లలకు బేస్‌బాల్ ఆట గురించి చదవడానికిస్తే, చదవడంలో వెనకబడినా ఆట బాగా తెలిసినవాళ్లు, బాగా చదువుతారనుకున్నా ఆట తెలియనివాళ్ల కంటే బాగా చెప్పగలిగారు. అంటే కొత్త విషయం బుర్రకెక్కడంలో ముందే తెలిసిన విషయానికి అంత వాటా ఉంది. ఇక స్థాయి సంగతి. 100 పదాల్లో తెలియనివి రెండు మూడు ఉంటే తనే చదువుకోగలదు. అయిదు దాటితే పక్కన మీరు కూర్చోవాలి, లేదా ఇంకా తేలికైనది ఇవ్వాలి. ప్రతి పదానికీ నిఘంటువు తెరవనివ్వకండి, ఆలోచన తెగిపోతుంది. అదే మాట మళ్లీ వచ్చి అడ్డుపడితే అప్పుడు చూడాలి.

హైలైటర్ కొనివ్వకపోయినా నష్టం లేదు. పేజీలో సగం పసుపు రంగు పూశాక ఏది ముఖ్యమో తేలదు. స్పీడ్ రీడింగ్ కోర్సులకు డబ్బు కట్టకండి. ఒక హద్దు దాటి వేగం పెంచితే అర్థం కావడం తగ్గుతుంది. ఇంకో మాట, మీకు కాస్త కష్టంగా అనిపించవచ్చు: తను తడబడగానే మీరు వివరించేయకండి. "ఈ మాట ఏ వాక్యంలో ఉంది, చూపించు" అని మాత్రమే అడగండి.

పాసేజ్ ప్రశ్నలకు ఒక నోటుపుస్తకం పెట్టించండి. తప్పిన ప్రతి జవాబు పక్కన ఎందుకు తప్పిందో రాయాలి. బయట ప్రపంచంలో నిజమే కానీ పాసేజ్‌లో లేనిదాన్ని ఎంచుకుందా? సగమే సరైనదానికి టిక్ పెట్టిందా? "ఎప్పుడూ", "అన్నీ" లాంటి మాటను గమనించలేదా? కారణాన్నీ ఫలితాన్నీ తారుమారు చేసిందా? 20, 30 తప్పులు పోగయ్యేసరికి ఒకే రకం పదేపదే కనిపిస్తుంది. అక్కడి నుంచి సాధన దానికే పెట్టండి.

మొదలుపెట్టే రోజున ఒక కొత్త వ్యాసంలో పది ముఖ్యాంశాలు మీరే రాసిపెట్టుకుని, తను మూసి చెప్పినప్పుడు ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి. ఎనిమిది వారాల తర్వాత అదే పొడవు, అదే కష్టం ఉన్న వేరే వ్యాసంతో మళ్లీ చూడండి. నాలుగు ఏడైతే దారి సరిగ్గా ఉన్నట్టు. కదలిక లేకపోతే స్థాయి తగ్గించండి, సమయం పెంచకండి. సైన్స్ వైపు పంపాలా వద్దా అన్నది ఆ తర్వాత మాట్లాడుకోండి. అప్పటికి పాఠం అర్థమవుతూ ఉంటుంది కాబట్టి, ఆ సబ్జెక్టు మీద ఇష్టం ఉందో లేదో తనకే తెలుస్తుంది.